మధ్యాహ్నపు గంట

ఆ యేటి తపస్సు కాలంలో మా ఇంట్లో నిద్రకు కరువు వచ్చింది. విభూది బుధవారం మొదలు అందరూ ఈస్టరు అనే పాస్క పండుగ దాకా ఒంటిపూట భోజనం మా వంశానికి అలవాటే. ఆకలిని ఓర్చుకోవడం మాకు తెలుసు. నిద్రలేమిని ఓర్చుకోవడం మాత్రం మా పెద్దలెవరూ నేర్పలేదు; వారికి ఆ అవసరమే రాలేదు. చీకటి పడితే పడుకొని, గుడి గంట మోగితే లేచిన మనుషులు వారు.

మా ఊరు బొల్లారం దాటాక ఒక గుట్టను ఆనుకొని ఉంటుంది. గుడి చిన్నది, గంటగోపురం మాత్రం ఎత్తైనది. దాన్ని కట్టించినవారు ఫ్రాన్సు దేశం నుండి వచ్చిన ఒక ఫాదరు. ఆయన పుట్టిన పల్లెవారే గంటను పోత పోయించి ఓడ మీద పంపారట. మా తాత ఆయన దగ్గర గంట కొట్టే పనికి కుదిరాడు. ఫాదరు తన పల్లె సంగతులు చెబుతుంటే తాత విని, మాకు చెప్పాడు. అక్కడ గుడి ప్రార్థన వేళకు మాత్రమే తలుపు తెరిచే చోటు కాదట. పొలంలో ఉన్నవాడికి పొద్దు చెప్పేది గుడి. వడగండ్లు రాబోతుంటే హెచ్చరించేది గుడి. మంచు కమ్మి దారి తప్పినవాడు గంట వినపడే దిక్కుకు నడిచి ఇల్లు చేరేవాడట. గంట దెబ్బలను బట్టి, పోయినది మగవాడో ఆడమనిషో ఊరంతా గ్రహించేదట. ఫాదరు ఆ పద్ధతినే మా ఊళ్లో నాటారు. మాకు మంచు లేదు, వడగండ్లు అరుదు. మిగిలినవన్నీ వేళ్లూనుకున్నాయి. ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం త్రికాల జపానికి గంట మోగేది. ఊళ్లో సగంమంది మా మతస్థులు కారు. అయినా ఆకుకూరలమ్మే జాన్ బీ పొద్దుటి గంట వినే బోయిన్‌పల్లి మార్కెట్టుకు గంప ఎత్తుకునేది. ఎవరింట్లో చావు జరిగినా మొదటి కబురు మా ఇంటికే వచ్చేది.

తాత తరువాత నాన్న, నాన్న తరువాత నేను. ఊళ్లో నన్ను ఉపదేశి అబ్రహాం అంటారు. పిల్లలకు జపాలు, నాలుగు పద్యాలు నేర్పడం, గంట కొట్టడం నా పని. గోపురాన్ని ఆనుకొని ఉన్న రెండు గదుల ఇల్లు విచారణవారిది, అంటే గుడి యాజమాన్యానిది. గంట కొట్టినన్నాళ్లు అది మాది.

నా కోడలు ఆలిస్ బేగంపేటలో ఒక కాల్ సెంటర్లో రాత్రి ఉద్యోగం చేసేది. సాఫ్ట్‌వేరు అన్న మాట పలకా బలపం పట్టిన పిల్లల నోట కూడా ఆడుతున్న రోజులవి. నా కొడుకు రత్నం అదే కంపెనీకి కారు నడిపేవాడు. తెల్లవారుతుండగా ఇద్దరూ ఇల్లు చేరేవారు. రత్నం మంచం మీద వాలితే, నెత్తిన గంట కాదు, గోపురమే కూలినా లేవడు. ఆ గంట కింద పుట్టి పెరిగినవాడు. ఆలిస్ మోండా మార్కెట్టు సందుల్లో పెరిగిన పిల్ల. అక్కడి రొద పొద్దంతా ఒకే తీరుగా పారుతుంటుంది; మా గంట పిడుగులా మీద పడుతుంది. పొద్దెక్కాక గాని ఆమెకు కన్ను మూతపడేది కాదు. మధ్యాహ్నపు గంటకు ఉలిక్కిపడి లేచి కూర్చునేది. ఆ తరువాత ఎంత పొర్లినా నిద్ర పట్టేది కాదు.

అప్పటికి ఆమెకు అయిదో నెల. అంతకు ముందు రెండుసార్లు ఆరో నెల నిండకుండానే కడుపు పోయింది. డాక్టరమ్మ నన్ను కూడా కూర్చోబెట్టి చెప్పింది. రక్తపోటు పెరుగుతున్నది, మందులకంటే నిద్ర ముఖ్యం, పడుకున్న మనిషిని మధ్యలో లేపవద్దు, ఈసారి కూడా నిద్ర తెగుతూ ఉంటే తాను ఏ మాటా ఇవ్వలేనన్నది. ఉద్యోగంలో సెలవు ఎనిమిదో నెలకు గాని ఇవ్వరు. మానేస్తే ఇల్లు గడవదు. పుట్టింటికి పంపుదామంటే అక్కడ ఒక్క గదిలోనే అందరూ.

ఆలిస్ నాతో ఒక్కనాడూ గంట మాట ఎత్తలేదు. చున్నీని చెవుల మీదుగా గట్టిగా చుట్టుకొని పడుకునేది. తలుపు సందులో నుండి నేను చూసేవాణ్ని. చూసి, వేళ కాగానే తాడు దగ్గరకు నడిచేవాణ్ని.

నడవక ఏం చేయను? గుట్టకు అవతలివైపు అపార్టుమెంటు రెండో బ్లాకు లేస్తున్నది. పనివాళ్లు విశాఖ వైపు పల్లెల నుండి వచ్చినవారు. వచ్చిన కొత్తలో ఎల్లాజీ అనే మనిషి, అతని భార్య అప్పలకొండమ్మ గుడి మెట్ల మీద కూర్చొని నా కోసం కాచుకున్నారు. మధ్యాహ్నపు గంట రోజూ మోగుతుందా, ఆదివారాలేనా అని వారు అడిగారు. రోజూ మోగుతుందన్నాను. అప్పలకొండమ్మ కొంగుతో మొహం తుడుచుకున్నది.

"మేస్త్రి వాచీ మేస్త్రి మాటే ఇంటాది బాబూ. ఎప్పుడడిగినా ఇంకా పన్నెండు కానేదంటాడు. గుడి గంట అయితే ఎవలి మాటా ఇనదు కదా. గంట ఇని తట్ట దించుతామని ఒప్పించినాం."

వారు కూడు తినేది, నీడకు చేరేది నా చేతి మీద ఆధారపడి ఉన్నదని ఆనాడు తెలిసింది. గర్వపడ్డాననే చెప్పాలి. పొలాలు పోయి, నాగళ్లు పోయి, మధ్యాహ్నపు గంటకు ఎద్దులు విప్పేవాడు ఒక్కడూ మిగలని ఊళ్లో, ఇంకా దాని కోసం చెవి ఒగ్గేవారు ఉన్నారు గదా అనుకున్నాను.

తపస్సు కాలపు రెండో ఆదివారమో మూడో ఆదివారమో, పూజ అయిపోయాక రామ్మోహనరావుగారు మా ఇంటికి వచ్చారు. గుడికి ఎదురుగా, ఒకనాటి జొన్నచేలో లేచిన మొదటి బ్లాకు సంఘానికి ఆయన అధ్యక్షుడు. విజయనగరం వైపు మనిషి, రిటైరై కొడుకు దగ్గర ఉంటున్నారు. మాట మెత్తన.

"గురువుగారూ, మాకు దైవభక్తి లేక రాలేదండి. మా ఇంట్లోనూ గంట ఉంది. కాకపోతే అది అరచేతిలో పడుతుంది" అని మొదలుపెట్టారు.

నాకు నవ్వు వచ్చింది. ఆయన కూడా నవ్వి, అసలు సంగతికి దిగారు. పొద్దుటి గంటకు, సాయంకాలపు గంటకు వారికి అభ్యంతరం లేదు. బ్లాకులో ముప్పాతిక మంది రాత్రి ఉద్యోగస్థులు. మధ్యాహ్నపు గంట ఒక్కటి ఆపితే చాలు.

"మావాడు రాత్రంతా అమెరికావాళ్లతో మాట్లాడి వచ్చి పడుకుంటాడు. మీ గంటకు ఉలిక్కిపడి లేచి, నన్ను చూసి, హలో, హౌ మే ఐ హెల్ప్ యూ అంటాడండి. కన్నతండ్రిని."

గుట్ట అవతలి పనివాళ్ల సంగతి నేను చెప్పాను. తాత కాలం నుండి ఆగని గంట అన్నాను. గంట మోగని ఊరు పేరు లేని మనిషి వంటిదన్నాను. నా మాటలకు నేనే మురిసి, ఇంకా ఏమేమో అన్నాను. ఆలిస్ టీ తెచ్చింది. నిద్ర లేని కళ్ల కింద నలుపు, ఉబ్బిన పాదాలు. రావుగారు గ్లాసు అందుకుంటూ, గోడకు అవతల ఉన్న మాకే ఇంతగా ఉంటే, గోపురం కిందే ఉన్న నీకు మెలకువ రాదా అమ్మా అని అడిగారు.

ఆమె ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"అలవాటైంది సార్" అన్నది.

రావుగారు నమ్మారు. టీ తాగి, మరోసారి ఆలోచించమని చెప్పి వెళ్లిపోయారు. 

మా గుడి ఫాదరైన విచారణ గురువులతో చెప్పుకున్నాను. కొత్తగా వచ్చిన యువకుడు, మంచివాడు. అపార్టుమెంటువారు తనను కూడా కలిశారని, ఆపమని తాను అనలేనని, కొట్టమనీ బలవంతం చేయలేనని అన్నారు. "ఊరు మీకు తెలిసినంత నాకు తెలియదు. మీ మనసుకు తోచినట్టు చేయండి" అన్నారు. దయతో అన్న మాటే అది. అప్పటికే మూడు వైపులా దారి మూసుకున్న నాకు మాత్రం నాలుగో గోడ కూడా లేచినట్టయింది.

ఒకనాడు రత్నం కారు కడుగుతూ, తల ఎత్తకుండా నాతో మాట్లాడాడు.

"నాయినా, ఆమె నీకు చెప్పదు. గంట ఆపితే ఇల్లు ఖాళీ చేయమంటరని ఆమెకు భయం. నీకు ఇజ్జత్ పోతదని ఇంకో భయం."

"మరి నన్నేం చేయమంటావురా?"

"నాకెర్కైతే నేనే చెప్తుంటి గద" అన్నాడు. బకెట్టులో మిగిలిన నీళ్లు చక్రం మీద కుమ్మరించి లోపలికి పోయాడు.

అట్లా పాస్కకు ముందు వారం, మ్రానికొమ్మల ఆదివారం వచ్చింది. ఆలిస్‌కు ఆరో నెల పెట్టింది. వేళ్లకు ఉంగరం పట్టడం లేదని తీసి దేవుని అర దగ్గర పెట్టింది. డాక్టరమ్మ రక్తపోటు చూసి ఏమీ అనకుండా మందు మార్చింది. ఆమె తిట్టినా బాగుండుననిపించింది.

పవిత్ర గురువారం సాయంకాలపు పూజలో మహిమా గీతానికి గంట మోగించి ఆపేశాం. అది మా మతంలో అందరూ పాటించే విధి. ప్రభువు శ్రమలు పడి సమాధిలో ఉన్నంతవరకు గంట మాట్లాడకూడదు. శనివారం పాస్క జాగరణలో మళ్లీ మహిమా గీతం ఎత్తుకున్నప్పుడే దానికి నోరు వస్తుంది. గంటలన్నీ రోము నగరానికి ఎగిరిపోయాయని తన పల్లెలో పిల్లలకు చెబుతారని పాత ఫాదరు అనేవారట. మా ఊరి పిల్లలకూ మేము అదే చెబుతాం. ఆ రెండు దినాలు గంటకు మారుగా కొయ్యగంట వాడతాం. చేతిపిడి ఉన్న పలక మీద కొయ్య సుత్తి పడుతూ టకటకమంటుంది. దాని చప్పుడు వీధి మలుపు దాటదు.

శుక్రవారం మధ్యాహ్నం సిలువ మార్గం ప్రార్థనకు జనాన్ని పిలవడానికి కొయ్యగంటతో ఊరంతా తిరిగి ఇంటికి వచ్చాను. తలుపు కొంచెం తెరిచి చూశాను. ఆలిస్ నిద్రపోతున్నది. చెవులకు చుట్టుకున్న చున్నీ ఊడి దిండు కింద పడి ఉంది. చెంప కింద అరచెయ్యి పెట్టుకొని, నోరు కొద్దిగా తెరిచి, చిన్నపిల్లలా ఊపిరి తీస్తున్నది. ఎన్ని వారాలుగానో ఆమె కనుబొమల మధ్య ఉన్న ముడి విడిపోయింది. నేను గడపలో కూర్చుండిపోయాను. లోకమంతా దుఃఖించవలసిన ఆ దినాన నా గుండెలో సంతోషం ఊరింది. దానికి క్షమాపణ అడగాలో, కృతజ్ఞత చెప్పాలో తెలియలేదు.

అప్పుడే వాకిట్లో రామ్మోహనరావుగారు కనిపించారు. చేతిలో డబ్బా. మొహమంతా వెలుగు. నేను పెదవుల మీద వేలు పెట్టి వాకిట్లోకి నడిచాను.

"మాట మన్నించారు గురువుగారూ. నిన్న సాయంత్రం నుండి ఒక్క గంట లేదు. మధ్యాహ్నం ఒక్కటే అడిగితే మీరు అన్నీ ఆపేశారు. మావాళ్లు సిగ్గుపడుతున్నారండి" అంటూ డబ్బా నా చేతుల్లో పెట్టారు. "మాడుగుల హల్వా. మా వైపు నుండి నిన్ననే వచ్చింది."

మంచినీళ్లు కూడా తాగని ఉపవాసదినాన, చేతిలో నెయ్యి కారే హల్వా పట్టుకొని నిలబడ్డాను. గంట ఆగింది మీ కోసం కాదని, శనివారం మళ్లీ మోగుతుందని చెప్పాలి. చెబితే ఆ మొహం ఎలా మారుతుందో ఊహించుకుంటూ మాటలు వెతుక్కుంటున్నాను. ఇంతలో గుట్ట దారిన ఎల్లాజీ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒంటి నిండా సిమెంటు, కాళ్లకు చెప్పులు లేవు.

"బాబూ, నా ఆడది పడిపోనాది. పిలిస్తే పలకనేదు."

ఆనాడు స్లాబు వేస్తున్నారు. సిమెంటు కలిపే మిల్లరు ఆగకుండా తిరుగుతున్నది. పొద్దు నడినెత్తికి వచ్చి, అటు వాలినా గంట వినపడలేదు. కూటికి వదలమని అడిగితే, గంట కొట్టలేదు గదా, మీరు పెట్టిన షరతే గదా అని మేస్త్రి నవ్వాడట. అప్పలకొండమ్మ తట్ట మోస్తూ మోస్తూ నిచ్చెన మొదట్లోనే ఒరిగిపోయింది. ఇదంతా ఎల్లాజీ రొప్పుతూ చెప్పాడు. కోపంగా చెప్పినా భరించేవాణ్నేమో. అతడు తెలియక అడిగినట్టుగా అన్నాడు.

"గంట ఎందుకు కొట్నేదు బాబూ?"

గంట ఆగే సంగతి వారికి ముందుగా చెప్పాలని నాకు తోచనే లేదు. రావుగారు నా వైపు చూశారు. వెంటనే కారు తీశారు. గుట్ట చుట్టి వెళ్లి, స్పృహ లేని అప్పలకొండమ్మను వెనక సీట్లో పడుకోబెట్టుకొని ఆసుపత్రికి చేరాం. ఆమె తల నా ఒడిలో ఉంది. నుదురు పెనంలా కాలుతున్నది. సీటుకంతా సిమెంటు అంటుకున్నది. రావుగారు అటు చూడనైనా లేదు. దారిలో ఆమె పల్లె పేరు అడిగారు. ఎల్లాజీ చెప్పాడు. "మా అమ్మమ్మగారి ఊరికి పక్కదే" అన్నారు ఆయన.

వడదెబ్బ అన్నారు. సెలైను ఎక్కించారు. చీకటి పడకముందే ఆమె కళ్లు తెరిచి నీళ్లు అడిగింది. వసారాలో బల్ల మీద కూర్చొని, అప్పుడు నేను రావుగారికి గురువారపు విధి సంగతి, శనివారపు సంగతి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"హల్వా పట్టుకొని వచ్చాను చూడండి" అన్నారు. "మీ కోడలు ఆనాడు అలవాటైందన్నది. నిజమేనా?" అని అడిగారు.

"కాదండీ."

"మరి సోమవారం ఏం చేస్తారు?"

నేను చదివిన పద్యాల్లోను, జపాల్లోను దానికి జవాబు వెతుక్కుంటూ ఇంటి దారి పట్టాను.

ఇంటికి వచ్చేసరికి ఆలిస్ లేచి, మంచం మీద కూర్చొని కన్నీళ్లు పెట్టుకుంటున్నది. నేను గాభరాపడ్డాను. కడుపులో నొప్పి కాదు, భయం. పవిత్ర శుక్రవారం సిలువ మార్గానికి రాకుండా పడి నిద్రపోయినందుకు.

"లేపకపోతిరి మామయ్యా. ఇయ్యాల సుత పన్న. పాపం కాదా?"

"ప్రభువును పట్టుకున్న రాత్రి తోటలో శిష్యులు కూడా నిద్రపోయారమ్మా. ఆయన వాళ్లను వెళ్లగొట్టలేదు" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకొని, ఆకలైతుందన్నది. ఆ మాట ఆమె నోట విని ఎన్నాళ్లయిందో.

శనివారం జాగరణలో గంట మోగింది. ఊరు ఊరంతా కొవ్వొత్తులు పట్టుకొని పాడింది. ఆదివారం పండుగ. ఆదివారం రాత్రి దాకా ఆలిస్‌కు సెలవు కాబట్టి దిగులు లేదు. ఆదివారం సాయంత్రం ఎల్లాజీ వచ్చి, అప్పలకొండమ్మ మరునాడే పనిలోకి దిగుతుందని చెప్పాడు. ఇంకో రెండు దినాలు ఆగరాదా అన్నాను. పని ఉన్నంతవరకే అక్కడి రేకుల గుడిసెలో చోటు అన్నాడు. మా ఇంటికీ ఆ గుడిసెకూ పెద్ద భేదం కనిపించలేదు నాకు.

సోమవారం తెల్లవారుజామున ఆలిస్ వచ్చి పడుకున్నది. పొద్దెక్కింది. వేళ దగ్గరపడింది. గోపురంలోకి వెళ్లి తాడు పట్టుకున్నాను. తాత చేతులకు, నాన్న చేతులకు, నా చేతులకు అరిగి నున్ననైన తాడు. గోడకు ఇవతల నేను, అవతల ఆ పిల్ల శ్వాస. గుట్టకు ఆవల ఎండలో తలల మీద తట్టలు. లాగితే ఒక ప్రాణానికి ముప్పు, లాగకపోతే ఇంకో ప్రాణానికి. తాడు వదిలి, మళ్లీ పట్టుకొని, మళ్లీ వదిలాను.

పూజవస్త్రాల బీరువా తెరిచి కొయ్యగంట తీశాను. పాస్క వెలుగులో అది కంటపడకూడదు. అది శ్రమల దినాల వస్తువు. పునరుత్థానపు సంతోషంలో దాన్ని మోగించడం పెళ్లి పందిట్లో ఏడుపు ఎత్తుకోవడం వంటిదని నేనే పిల్లలకు నేర్పాను. దాన్ని కండువాలో చుట్టుకొని బయలుదేరాను. గుడి వాకిట్లో విచారణ గురువులు ఎదురయ్యారు. కండువాలో ఏముందో ఆకారాన్ని బట్టి ఆయనకు తెలిసిపోయింది. పక్కకు తప్పుకొని దారి ఇచ్చారు. మొదటి బ్లాకు బాల్కనీలో రావుగారు నిలబడి ఉన్నారు. చెయ్యి ఎత్తబోయి దించుకున్నారు.

గుట్ట చుట్టిపోయే దారిలో చెట్టు లేదు. అంతదూరం నడిచి, రేకుల గేటు ముందు నిలబడి కండువా విప్పాను. కొయ్య మీద కొయ్య పడింది. మిల్లరు రొదలో ఆ చప్పుడు నాకే సరిగా వినపడలేదు. ఇంకా గట్టిగా ఆడించాను. మేస్త్రి గేటు దగ్గరకు వచ్చాడు.

"ఏంది తాతా, పండుగ అయిపాయె గద. ఇంకా ఈ కట్టె సప్పుడేంది?"

"పన్నెండైంది" అన్నాను.

"గుడిల కొట్టాలె గని గీడికొచ్చి కొడ్తరా? రోజు వస్తవా ఏంది?"

నేను చేతిని ఆపలేదు. పైన నిచ్చెన మీద నుండి ఎల్లాజీ చూశాడు. తట్ట దించాడు. అతని వెనక మరొకరు దించారు. మేస్త్రి కాసేపు నన్ను, కాసేపు వాళ్లను చూసి, మిల్లరు ఆపమని చెయ్యి ఊపాడు. అప్పలకొండమ్మ నా వైపు చూడకుండానే నీళ్ల కుండ దగ్గరకు నడిచింది.

మరునాడు కూడా వెళ్లాను. ఆ మరునాడు కూడా. ఊళ్లో కొందరు, ఉపదేశికి మతి చలించింది, పండుగ వెళ్లినా శ్రమలు వదలలేదని నవ్వారు. ఎండలు ముదిరాయి. ఆలిస్‌కు ఆరో నెల దాటింది, ఏడో నెల దాటింది. నేను జ్వరపడిన నాడు మాత్రం రావుగారు వచ్చి, మొహమాటపడుతూ, ఆ వస్తువు ఎట్లా పట్టుకోవాలో అడిగి తీసుకెళ్లారు.

వానలు పడ్డాక ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఇక మధ్యాహ్నపు గంట మామూలుగా కొట్టుకోవచ్చునని ఊరంతా అన్నది, విచారణ గురువులూ అన్నారు. బారసాల అయిన మరునాడు నేను తాడు దగ్గరకు వెళ్లాను. రాత్రంతా ఏడ్చి ఇల్లంతటినీ మేలుకోబెట్టిన ఆ పిల్ల, అప్పుడే కన్ను మూసింది. పక్కనే ఆలిస్ కూర్చున్న చోటే ఒరిగి నిద్రపోయింది.

నేను బీరువా తెరిచి కొయ్యగంట తీసి, చెప్పులు వేసుకున్నాను.